మాత్రల డబ్బా, అమ్మ నోటుబుక్కు: ఆటిజంలో వచ్చే ఫిట్స్ వెనక ఉన్న చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ ఫిట్స్ గురించి. మామూలుగా మనం మూర్ఛ అంటాం, ఆయుర్వేదంలో అపస్మారం అన్నారు, డాక్టర్లు ఎపిలెప్సీ అంటారు. అందులోనూ ఆటిజం ఉన్నవాళ్లకి, పెద్దవాళ్లయ్యాక కూడా మళ్లీ మళ్లీ వచ్చే ఫిట్స్ గురించి, దానికి రోజూ మింగే మాత్రల గురించి మాట్లాడుకుందాం. ఇది హిస్టరీ ఎపిసోడ్. కానీ ఇంట్లో ఇలాంటి అన్నయ్యో చెల్లెలో ఉన్నవాళ్లకి ఈ హిస్టరీ రేపు పొద్దున్నే పనికొస్తుంది. అందుకే కొంచెం ఓపిగ్గా చివరిదాకా ఉండండి.

ముందు ఒక లెక్క చెప్తాను. మామూలు జనాభాలో ఎపిలెప్సీ ఉన్నవాళ్లు వందలో ఒకరు కూడా ఉండరు. ఆటిజం ఉన్నవాళ్లలో ఆ లెక్క మారిపోతుంది. 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ ఒకచోట పెట్టి చూశారు. ఆటిజంతో పాటు మేధో వైకల్యం కూడా ఉన్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఎపిలెప్సీ ఉంది. మేధో వైకల్యం లేనివాళ్లలో సుమారు 8 శాతం మందికి ఉంది. ఇంకో సంగతి ఏంటంటే, ఆటిజంలో ఫిట్స్ ఎక్కువగా రెండు వయసుల్లో మొదలవుతాయి. ఒకటి చిన్నతనంలో, రెండోది టీనేజ్‌లో. ఈ టీనేజ్ అన్న మాట గుర్తుపెట్టుకోండి. మన కథ మొత్తం తిరిగేది అక్కడే.

సరే, మొదటి నుంచి వద్దాం. ఫిట్ వచ్చి మనిషి పడిపోతే మన దగ్గర ఇప్పటికీ ఏం చేస్తారు? చేతిలో తాళాలగుత్తి పెడతారు. ఎవరో ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెడతారు. ఇంకెవరో గాలి సోకింది అంటారు. ఇది మన ఊళ్లకే పరిమితం అనుకోకండి, ప్రపంచమంతా ఇలాగే అనుకుంది. గ్రీకులైతే దీనికి పవిత్ర రోగం అని పేరు పెట్టారు, దేవతలు పట్టుకుంటే వస్తుందని. సుమారు 2400 ఏళ్ల క్రితం హిపోక్రటీస్ పేరుతో వచ్చిన ఒక గ్రంథం దీన్ని కొట్టిపారేసింది. మిగతా రోగాల కంటే ఇందులో పవిత్రత ఏమీ లేదు, ఇది మెదడులో పుట్టే జబ్బు అని తేల్చి చెప్పింది. మన చరక సంహిత కూడా దీన్ని నాలుగు రకాలుగా విడదీసి చికిత్స రాసింది. అపస్మారం అన్న మాటకి అర్థమే జ్ఞాపకం తప్పిపోవడం. అంటే జబ్బే అని చెప్పినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. పనిచేసే మందే లేదు.

ఆ మందు దొరికింది 1857లో, అదీ తప్పుడు లెక్కతో. లండన్‌లో మే నెలలో డాక్టర్ల సభ జరుగుతోంది. ఒకాయన ఎపిలెప్సీ మీద పేపర్ చదివాడు. అధ్యక్ష స్థానంలో ఉన్నది సర్ చార్లెస్ లోకాక్, విక్టోరియా రాణికి పురుళ్లు పోసిన డాక్టర్. ఆయన లేచి, నేను పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పు కొందరు ఆడవాళ్లకి ఇచ్చి చూశాను, ఒక్కరికి తప్ప అందరికీ ఫిట్స్ తగ్గాయి అన్నాడు. ఎందుకిచ్చాడు? ఆ కాలంలో లైంగిక ఉద్రేకం వల్లే ఫిట్స్ వస్తాయని చాలామంది డాక్టర్ల నమ్మకం. బ్రోమైడ్ ఆ ఉద్రేకాన్ని తగ్గిస్తుందని ఆయన ఎక్కడో చదివాడు. కారణం పూర్తిగా తప్పు, మందు మాత్రం పనిచేసింది.

బ్రోమైడ్ వల్ల వేలమందికి ఫిట్స్ తగ్గాయి. కానీ ఈ ఉప్పు ఒంట్లోంచి త్వరగా పోదు. రోజూ వేస్తుంటే పేరుకుపోతుంది. మనిషి మత్తుగా, మందకొడిగా అయిపోతాడు, ఒళ్లంతా మొటిమల్లాంటి పొక్కులు, మాట తడబడటం, ఒక్కోసారి మతి చెదరడం. అప్పట్లో మాట రాని పిల్లలు, మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లు ఉండేది పెద్ద పెద్ద ఆశ్రమాల్లో. అక్కడ బ్రోమైడ్ కుండల్లో కలిపి పోసినట్టు పోశారు. నాకు మత్తుగా ఉంది అని నోరు తెరిచి చెప్పలేని మనిషికి మత్తు ఎక్కువైందో, ఆ మనిషి తీరే అంతో ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్న అప్పుడు పుట్టింది. ఇంకా పోలేదు.

అదే లండన్‌లో ఇంకో డాక్టర్ ఉన్నాడు, హ్యూలింగ్స్ జాక్సన్. 1873లో ఆయన ఫిట్ అంటే ఏంటో మొదటిసారి సరిగ్గా చెప్పాడు. మెదడులోని బూడిద రంగు పదార్థంలో ఉన్నట్టుండి, అతిగా జరిగే డిశ్చార్జ్ అన్నాడు. మన భాషలో చెప్పాలంటే కరెంటు ఒక్కసారిగా ఎగదన్నడం. అప్పటికి ఈఈజీ మెషిన్ లేదు, స్కాన్ లేదు. మరి ఎలా కనిపెట్టాడు? చూసి, అడిగి, రాసుకుని. ఫిట్ బొటనవేలి దగ్గర మొదలైందా, మూతి దగ్గరా, తర్వాత ఎటు పాకింది, మాట ముందు పోయిందా చెయ్యి ముందు బిగుసుకుందా అని. ఇక్కడ ఒక చిక్కు ఉంది. డాక్టర్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఫిట్ రాదు. అది వంటింట్లో వస్తుంది, బాత్రూంలో వస్తుంది, తెల్లవారుజామున నిద్రలో వస్తుంది. కాబట్టి డాక్టర్‌కి దొరికేది ఎప్పుడూ పక్కనున్నవాళ్లు చూసిందే.

ఈ మాట ఎంత నిజమో 1912లో తేలింది. జర్మనీలో ఫ్రైబుర్గ్ ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే కుర్ర డాక్టర్ ఉండేవాడు. ఎపిలెప్సీ వార్డు మీదే ఆయన గది. రాత్రిళ్లు కింద పేషెంట్లకి ఫిట్స్ వచ్చి ఆ చప్పుడుకి ఆయనకి నిద్రపట్టేది కాదు. వాళ్లు కాస్త నిద్రపోతారు కదా అని అప్పుడే మార్కెట్‌లోకి వస్తున్న ల్యూమినాల్ అనే నిద్రమాత్ర ఇచ్చాడు. మనం ఇప్పుడు ఫినోబార్బిటాల్ అనే మందు అదే. రాత్రి ఫిట్స్ తగ్గాయి. ఆశ్చర్యం ఏంటంటే పగటి పూట ఫిట్స్ కూడా తగ్గాయి. ఆయన లెక్కలు రాసుకుని చూసి పేపర్ వేశాడు. వందేళ్లు దాటినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఆ మందు ఇంకా ఉంది. పేద దేశాల్లో ఇప్పటికీ దానిమీదే బతుకుతున్నవాళ్లు లెక్కలేనంత మంది.

ఇక్కడి నుంచి కథ చీకట్లోకి వెళ్తుంది. 1933లో నాజీలు ఒక చట్టం తెచ్చారు. వంశపారంపర్య జబ్బులున్నవాళ్లకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చెయ్యాలని. ఆ జబ్బుల జాబితాలో ఎపిలెప్సీ ఉంది. తర్వాత యుద్ధం మొదలయ్యాక వికలాంగులైన పిల్లల్ని చంపే కార్యక్రమమే నడిపారు. వియన్నాలో అమ్ స్పీగెల్‌గ్రుండ్ అనే చోట 789 మంది పిల్లలు చనిపోయారు. చాలామందిని దేనితో చంపారో తెలుసా? ల్యూమినాల్‌తో. డోసు మీద డోసు ఎక్కించి మత్తులో ఉంచితే ఊపిరితిత్తులకి నిమ్ము చేరుతుంది. రికార్డులో న్యుమోనియా అని రాసేవాళ్లు. ఆటిజం చరిత్రలో పెద్ద పేరున్న హాన్స్ ఆస్పర్గర్ పనిచేసింది ఆ వియన్నాలోనే. ఆయన కూడా కొందరు పిల్లల్ని అక్కడికి పంపాడని 2018లో ఒక చరిత్రకారుడు పాత కాగితాలు తవ్వి బయటపెట్టాడు. ఇక ఆ మందు ఫిట్స్‌కి పనికొస్తుందని కనిపెట్టిన హౌప్ట్‌మన్ యూదుడు. ఆయన ఉద్యోగం పీకేసి, 1938లో డాఖౌ క్యాంపులో పెట్టారు. బయటపడి అమెరికా వెళ్లి, 1948లో బోస్టన్‌లో చనిపోయాడు.

ఈ భాగం ఎందుకు చెప్పానంటే, ఒకటే మాత్ర. పక్కన కూర్చుని లెక్క రాసుకునేవాడి చేతిలో అది వైద్యం. ఈ మనిషి బతుకు ఖర్చు దండగ అనుకున్నవాడి చేతిలో విషం.

1938లోనే బోస్టన్‌లో ఇంకో పెద్ద అడుగు పడింది. మెరిట్, పుట్నమ్ అని ఇద్దరు డాక్టర్లు. అప్పటిదాకా ఫిట్స్ ఆగాలంటే మనిషి మత్తుగా ఉండాల్సిందే అనుకునేవాళ్లు. వీళ్లు ఒక మందుల కంపెనీ దగ్గర నిద్ర తెప్పించడం లేదని మూలపడేసిన రసాయనాలు తెప్పించి, పిల్లుల మీద పరీక్ష చేశారు. అందులో ఫెనిటాయిన్ తగిలింది. 1908లో తయారై, ముప్ఫై ఏళ్లు ఎవరికీ అక్కర్లేక పడి ఉన్న పదార్థం. మన మెడికల్ షాపుల్లో ఎప్టాయిన్ అని ఇచ్చేది ఇదే. మనిషిని పడుకోబెట్టకుండా ఫిట్స్ ఆపొచ్చని దీనితో తెలిసింది. మాట రాని మనిషికి ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే మెలకువగా ఉంటేనే ఏదైనా నేర్చుకుంటాడు.

వాల్‌ప్రోయేట్ కథ ఇంకా తమాషా. 1882లో తయారైన ద్రవం. వేరే మందుల్ని కరిగించడానికి వాడేవాళ్లు. 1962లో ఫ్రాన్స్‌లో పియర్ ఎమార్ అనే విద్యార్థి రకరకాల మందుల్ని ఇందులో కరిగించి ఫిట్స్ మీద పరీక్షిస్తే అన్నీ పనిచేస్తున్నాయి. ఇదేంటి, అన్నీ ఎలా పనిచేస్తాయి అని చూస్తే, పనిచేస్తోంది కరిగే మందు కాదు, కరిగించే ద్రవం! ఇవాళ ఆటిజం, ఫిట్స్ రెండూ ఉన్న ఎన్నో ఇళ్లలో ఫ్రిజ్ మీద ఉండే మాత్ర అది.

ఇప్పుడు ఆటిజం వైపు వద్దాం. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజాన్ని వైద్య ప్రపంచం ముందు పెట్టిన మొదటి వ్యాసాల్లో అది ఒకటి. అందులో మొదటి పిల్లవాడి గురించి కానర్‌కి ఎలా తెలిసింది? ఆ పిల్లవాడి తండ్రి 33 పేజీల ఉత్తరం టైపు చేసి పంపాడు. కొడుకు ఏం తింటాడు, ఏం చూస్తే తిరుగుతాడు, ఏ మాట ఎలా పలుకుతాడు, అన్నీ. ఆటిజం అనే సబ్జెక్ట్ పునాదిలో ఒక తండ్రి రాసిన నోట్స్ ఉన్నాయన్నమాట. అదే వ్యాసంలో ఇంకో పిల్లవాడికి ఐదేళ్లు దాటాక ఫిట్స్ వచ్చాయని కానర్ రాశాడు. మిగతావాళ్ల ఈఈజీలు బాగానే ఉన్నాయి, వాడిది తప్ప. అంటే మెదడులో ఏదో ఉందన్న సూచన మొదటి వ్యాసంలోనే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

దాని బదులు ఏం పట్టుకున్నారు? అదే వ్యాసంలో కానర్ ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువ అన్నట్టు రాశాడు. అది పట్టుకున్నారు. 1940ల చివరికల్లా రిఫ్రిజిరేటర్ తల్లి అన్న మాట వచ్చేసింది. తల్లి ఫ్రిజ్‌లా చల్లగా ఉంది కాబట్టి బిడ్డ లోపలికి ముడుచుకుపోయాడు అని. 1967లో చికాగోలోని బ్రూనో బెటెల్‌హైమ్ ఈ వాదం మీద ఏకంగా పుస్తకమే రాశాడు, అది బాగా అమ్ముడుపోయింది. బిడ్డని తల్లి నుంచి విడదీసి హాస్టల్లో పెట్టడమే వైద్యం అన్నాడు. ఒక్కసారి ఆ తల్లి స్థానంలో ఉండి ఆలోచించండి. రాత్రంతా బిడ్డ పక్కన మేలుకుని కూర్చున్న మనిషిని పట్టుకుని, నీ ప్రేమ చాలలేదు అన్నారు.

ఈ వాదాన్ని ఏది పడగొట్టింది? చాలా కారణాలున్నాయి. 1964లో అమెరికా నేవీలో సైకాలజిస్టుగా పనిచేసే బెర్నార్డ్ రిమ్లాండ్, ఆయన కొడుక్కే ఆటిజం ఉంది, ఇది మెదడుకి సంబంధించిన విషయం అని పుస్తకం రాశాడు. కానీ ఎవరూ కాదనలేని సాక్ష్యం ఇంకోటి వచ్చింది. అదే ఫిట్స్. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో మైకేల్ రట్టర్, ఆయన తోటివాళ్లు, ఒకప్పుడు ఆటిజం అని తేలిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో మళ్లీ వెళ్లి చూశారు. 1960ల చివర, 1970లో ఆ ఫలితాలు వచ్చాయి. చిన్నప్పుడు మెదడు జబ్బు గుర్తులేవీ లేని పిల్లల్లో కూడా కొందరికి టీనేజ్‌లో ఫిట్స్ మొదలయ్యాయి. తల్లి చల్లగా ఉంటే పిల్లవాడు ముడుచుకుపోతాడని వాదించొచ్చు. కానీ తల్లి చల్లగా ఉంటే పద్నాలుగేళ్లకి ఫిట్స్ వస్తాయని ఎవరు వాదిస్తారు? ఆ పిల్లల్లో మొదటి నుంచీ మెదడు పనితీరే వేరుగా ఉందని ఫిట్స్ చెప్పాయి. 1969లో తల్లిదండ్రుల సంఘం సమావేశానికి వచ్చి కానరే స్వయంగా తల్లిదండ్రుల్ని నిర్దోషులుగా ప్రకటించాడు.

అంటే చూడండి, ఆ తల్లులకి నరకం చూపించిన ఫిట్సే చివరికి వాళ్ల తరఫున సాక్ష్యం చెప్పాయి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య వరస, ఆటిజం ఉంది. మాటలు చాలా తక్కువ. మొదటి ఫిట్ పద్నాలుగో ఏట వచ్చింది. ఇప్పుడు ఆయనకి ముప్ఫై దాటాయి. పెద్దమ్మ దగ్గర నోటుబుక్కులు ఉన్నాయి, పిల్లల లాంగ్ నోట్‌బుక్కులు, పదహారు. ఏ తేదీన, ఎన్నింటికి, ఎంతసేపు, ముందురోజు నిద్ర ఎంత, జ్వరం ఉందా, విరేచనం అయిందా, మాత్ర వేసుకున్నాడా ఉమ్మేశాడా. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో సర్వర్ లాగ్‌లు చూసేవాణ్ని. అవి కూడా ఇంత శుభ్రంగా ఉండేవి కాదు. ఒకసారి సెలవులకి వెళ్లినప్పుడు కూర్చుని అవన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాను. శివరాత్రి జాగరం మర్నాడు, వినాయక నిమజ్జనం డప్పుల రాత్రి మర్నాడు, ఇంట్లో పెళ్లి అయిన మర్నాడు, ఇలా నిద్ర చెడిన ప్రతిసారీ ఫిట్స్ ఉన్నాయి. నేనేదో కనిపెట్టినట్టు పెద్దమ్మకి చూపిస్తే, ఆవిడ నవ్వి, నాకు తెలుసు నాన్నా, అందుకే గదా పండక్కి మేం ఎక్కడికీ రాం అంది. మేమంతా ఇన్నేళ్లూ పెద్దమ్మవాళ్లు ఎవరితో కలవరు అని చెప్పుకునేవాళ్లం.

నిద్ర తక్కువైతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యశాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. జ్వరం, మాత్ర మర్చిపోవడం కూడా అంతే. వీటిలో మాత్ర విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆటిజం ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో అసలు యుద్ధం అక్కడే.

మొదటిది, ఉన్నట్టుండి ఆపకూడదు. నెల రోజులుగా ఫిట్స్ లేవు కదా అని ఎవరో చుట్టం చెప్తే మాత్ర ఆపేసి, మూడో రోజు ఐసీయూలో తేలినవాళ్లు ఉన్నారు. అలవాటైన మందు ఒక్కసారి ఆగితే మెదడు ఎదురుతిరుగుతుంది. తగ్గించాలంటే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. రెండోది, మాత్ర మింగనంటే పెరుగన్నంలో నలిపి కలిపేస్తాం. మాత్ర పేరు పక్కన సీఆర్ అనో, ఈఆర్ అనో ఉంటే అది మెల్లగా కరిగేలా చేసిన మాత్ర. నలిపితే ఆ ఏర్పాటు దెబ్బతిని, మందు ఒక్కసారే ఒంట్లోకి దిగిపోవచ్చు. నలపకుండా, సిరప్ ఉందా, వేరే రూపంలో ఉందా అని డాక్టర్‌ని అడగండి. మూడోది, షాపువాడు అదే మందండీ, కంపెనీ వేరు అని ఇస్తే వెంటనే తీసుకోకండి, ముందు డాక్టర్‌కి ఒక్క ఫోన్ చెయ్యండి. ఆటిజం ఉన్నవాళ్లకి మాత్ర రంగు మారినా నోట్లో పెట్టుకోరు, అది ఇంకో తలనొప్పి.

నాలుగోది అన్నిటికంటే కష్టం. బ్రోమైడ్ కాలంలో పుట్టిన ప్రశ్న అన్నాను కదా, అది. ఫినోబార్బిటాల్ కొందరిలో చిరాకు, అతి చురుకు తెప్పిస్తుంది. 1999లో అమెరికాలో అనుమతి వచ్చి, ఇప్పుడు చాలామందికి రాసే లెవెటిరాసెటామ్ కొందరిలో కోపం పెంచుతుంది. మామూలు మనిషి అయితే డాక్టర్, ఈ మాత్ర వేసుకున్నప్పటి నుంచి నాకు ఎందుకో కోపం వస్తోంది అంటాడు. మాట రాని పాతికేళ్ల కుర్రాడు గోడకి తల బాదుకుంటాడు. అది చూసి ఆటిజం ముదిరింది అంటారు. దానికి ఇంకో మత్తుమందు రాస్తారు. కొత్త మాత్ర ఏ తేదీన మొదలైందో, బాదుకోవడం ఏ తేదీన మొదలైందో ఇంట్లో ఎవరో ఒకరు రాసి ఉంటే తప్ప ఈ ముడి విడదు. దీని ఉల్టా కూడా ఉంది. ఉన్నట్టుండి శూన్యంలోకి చూడటం, పెదాలు చప్పరించడం, బట్ట నలపడం ఆటిజం అలవాటు అనుకుంటాం. అది ఫిట్ కావచ్చు. పిలిస్తే పలుకుతున్నాడా, భుజం తడితే ఆగుతోందా అన్నది గమనించి చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే.

జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు కరెంటుని మొదటిసారి రికార్డ్ చేశాడు, 1929లో ప్రకటించాడు. అదే ఈఈజీ. గొప్ప విషయం. కానీ తల మీద ఎవరైనా చెయ్యి వేస్తేనే భరించలేని మనిషికి ఇరవై తీగలు అతికించి కదలకుండా పడుకోమంటే? ఎన్ని ఈఈజీలు సగంలో ఆగిపోతాయో ఆ ఇళ్లలోవాళ్లకే తెలుసు. ఇక్కడే మీ చేతిలో ఉన్నది పనికొస్తుంది. ఫోన్. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో తీసిన ఫిట్ వీడియో నిపుణులైన డాక్టర్లకి జబ్బు నిర్ధారణలో సాయపడుతుందని 2020లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీ చూపించింది. జాక్సన్ అడిగింది ఇదే కదా, ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది అని. అందుకని ఎవరైనా దగ్గరుండి మనిషిని చూసుకుంటుంటే, రెండోవాళ్లు వీడియో తియ్యండి. ముఖం, చేతులు, కాళ్లు అన్నీ ఫ్రేమ్‌లో పడాలి. ఆ వీడియో డాక్టర్‌కి మాత్రమే. స్టేటస్‌లో పెట్టడానికి కాదు.

ఫిట్ వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది కూడా చరిత్రలో మారింది. ఒకప్పుడు ఆగకుండా అరగంట సాగితేనే ప్రమాదకరం అని పుస్తకాల్లో ఉండేది. 1999లో కొందరు నిపుణులు అరగంట ఆగడం ఏంటి, ఐదు నిమిషాలు దాటితే చాలు, వైద్యం మొదలుపెట్టాలి అని నిర్వచనం మార్చమన్నారు. ఇప్పుడు అదే లెక్క. కాబట్టి ఫిట్ మొదలవగానే టైమ్ చూడండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏమీ పెట్టొద్దు. చేతులు కాళ్లు గట్టిగా పట్టుకోవద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టర్ రాసిచ్చి ఉంటే ఎప్పుడు, ఎంత కొట్టాలో ముందే కాగితం మీద రాయించుకుని గోడకి అంటించండి. ఆ టైమ్‌లో ఎవరికీ ఏదీ గుర్తుకు రాదు.

అన్ని మందులూ అందరికీ పనిచెయ్యవు. 2000లో గ్లాస్గో డాక్టర్లు వేసిన ఒక స్టడీలో, కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లలో 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగిపోయాయి. రెండో మందుతోనో మూడో మందుతోనో ఇంకో 14 శాతం మందికి ఆగాయి. మిగతావాళ్లకి ఆగలేదు. రెండు మందులు సరైన డోసులో వాడినా ఆగకపోతే ఎపిలెప్సీ స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లాలి అని డాక్టర్లు చెప్పే రూల్ వెనక ఇలాంటి లెక్కలే ఉన్నాయి. ఇన్ని వాడినా తగ్గలేదంటే అది మీ అమ్మ సరిగ్గా చూసుకోకపోవడం వల్ల కాదు. ఫ్రిజ్ తల్లి వాదం చచ్చిపోయి యాభై ఏళ్లయింది. మన ఇళ్లలో దాన్ని మళ్లీ బతికించకండి.

ఇక మన దేశం సంగతి. హిందూ వివాహ చట్టంలో 1976 సవరణతో ఎపిలెప్సీ ఉన్నవాళ్ల పెళ్లికి అడ్డంకి పెట్టారు. 1999లో ఆ మాట తీసేశారు. అదే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది, ఆటిజం పేరు అందులో ఉంది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 2016 చట్టంలో చేరింది. మన సికింద్రాబాద్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నాం, మేధో వైకల్యం మీద పనిచేస్తోంది. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ అనే ఇన్సూరెన్స్‌లో లక్ష రూపాయల దాకా ఉంటుంది, ముందు మెడికల్ టెస్టులు అడగరు. ఇంకోటి చాలామందికి తెలియదు. బిడ్డకి 18 దాటాక తల్లిదండ్రులు చట్టం దృష్టిలో ఆటోమేటిక్‌గా గార్డియన్లు కారు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లాలో ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు మాట. పిల్లల డాక్టర్ ఒకరోజు, ఇక పెద్దవాడయ్యాడు, న్యూరాలజీకి వెళ్లండి అంటారు. అక్కడ కొత్త డాక్టర్‌కి పాతికేళ్ల చరిత్ర ఐదు నిమిషాల్లో చెప్పాలి. చెప్పేది అమ్మ. అమ్మకి అరవై వస్తున్నాయి. మోకాళ్ల నొప్పులు. ఐదడుగుల పది అంగుళాల కొడుకు బాత్రూంలో పడితే లేపలేదు. ఏ మందు ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు, ఏ మాత్రకి తల బాదుకున్నాడు, ఇదంతా ఆవిడ తలలోనే ఉంది. ఆవిడ తర్వాత? ఈ వీడియో చూస్తున్న మీలో కొంతమంది ఆ ఇంట్లో రెండో బిడ్డ. తర్వాత మీరే.

అందుకని ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. అమ్మ పక్కన కూర్చోండి. ఒక పేజీ రాయండి. ఇప్పుడు వాడే మందులు, డోసు, టైమ్. ఇంతకుముందు వాడి ఆపేసినవి, ఆపిన కారణం. ఫిట్ ఎలా మొదలవుతుంది, ఎంతసేపు ఉంటుంది. ఏం జరిగితే వస్తుంది. నొప్పి ఉంటే ఏం చేస్తాడు, భయపడితే ఏం చేస్తాడు. ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి. మా పెద్దమ్మ పదహారు పుస్తకాలకి నేను చేసింది అలాంటి ఒక్క పేజీయే. మొన్న ఆవిడకి కంటి ఆపరేషన్ అయినప్పుడు అన్నయ్య దగ్గర నాలుగు రోజులు నేనున్నాను. రాత్రి మాత్ర ఆయన నా చేతిలోంచి తీసుకోలేదు. నోటుబుక్కులో చూస్తే, మాత్ర ముందు, నీళ్లు తర్వాత కాదు, నీళ్ల గ్లాసు ముందు చేతికివ్వాలి అని 2011లో రాసి ఉంది. ఇచ్చాను. మింగాడు.

ఈ ఎపిసోడ్ ఎవరికి పనికొస్తుందో మీకే తెలుసు, వాళ్లకి పంపండి. మీ ఇంట్లో మాత్ర వేసే టైమ్ అయితే ముందు అది చూడండి. ఉంటాను మరి, వచ్చే వారం కలుద్దాం.